హోముల్లో ఉన్న మనవారికి రక్షణ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ రోజును మనం పండుగలా జరుపుకుంటున్నాం. ఇలాంటి సభల్లో డి.ఆర్. గురించి, కమ్యుటేషను గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి మాట్లాడటం రివాజు. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత మనలో కొద్దిమంది ఇళ్లలోనే ఉన్న సంగతి, ఆ కొద్దిమంది కూడా నలుగురిలో నోరు విప్పి చెప్పుకోని సంగతి ఒకటి మాట్లాడతానని కార్యదర్శిగారికి ముందే మనవి చేసుకున్నాను. వారు సరేనన్నారు.

మనలో కొందరికి మానసిక జబ్బుతోనో, బుద్ధిమాంద్యంతోనో బాధపడుతున్న కొడుకో, కూతురో, తమ్ముడో ఉన్నారు. బుద్ధిమాంద్యం అనకూడదు, మేధో వైకల్యం అనాలని ఇప్పుడు అంటున్నారు. మాట మారినా ఇంట్లో పని మారలేదు లెండి. ఓపిక ఉన్నన్నాళ్లు తల్లిదండ్రులు ఇంట్లోనే చూసుకుంటారు. డెబ్బై దాటి, మనల్ని లేపి కూర్చోబెట్టడానికే ఒకరు కావలసివచ్చిన రోజున, నలభై ఏళ్ల కొడుకుకు స్నానం చేయించి అన్నం తినిపించడం ఎవరి తరం? అప్పుడు ఒక హోము వెదుకుతారు. అందులో తప్పులేదు. ఆ నిర్ణయం తీసుకున్న తల్లిని చూసి పెదవి విరిచేవాళ్లు ఒక్క వారం ఆ పిల్లవాడిని తమ ఇంట ఉంచుకొని మాట్లాడితే బాగుంటుంది.

నేను చెప్పదలచింది ఆ తర్వాతి సంగతి. తలుపు మూశాక లోపల ఏం జరుగుతోందో మనకు తెలిసేదెట్లా? ఆయా చెయ్యి చేసుకుంటే, వార్డుబాయి కోపమొచ్చి రాత్రి అన్నం పెట్టకపోతే, మందు రెండింతలు వేసి నిద్రపుచ్చితే, ఆడపిల్ల అయితే అంతకన్నా ఘోరం జరిగితే, చెప్పేదెవరు? కొందరికి మాట రాదు. మాట వచ్చినవారు చెప్పినా, పిచ్చివాడి మాటకు విలువేమిటంటారు. కంచే చేను మేస్తే చేను వెళ్లి ఎవరితో చెప్పుకుంటుంది?

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక హోము పాక అంటుకుంది. అక్కడ పేరున్న దర్గా ఉంది. జబ్బు నయమవుతుందన్న నమ్మకంతో కుటుంబాలు తమ వారిని తీసుకువస్తే, ఉంచుకోవడానికి చుట్టూ ప్రైవేటు హోములు వెలిశాయి. నెలకింత అని పుచ్చుకొని ఉంచుకునేవారు. పారిపోకుండా గొలుసులు వేసేవారు. పాక తగలబడినప్పుడు గొలుసులు వేసి ఉన్నందున లేచి పరుగెత్తలేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. చుట్టుపక్కల హోములు మూయించి, ఐదువందల మందికి పైగా రోగులను ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంది. ఇలాంటి హోములన్నింటినీ లెక్కతేల్చాలని 2002 ఫిబ్రవరిలో కోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. లైసెన్సు లేకుండా మానసిక రోగులను ఉంచుకోకూడదన్న చట్టం అప్పటికి లేకపోలేదు. 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అంటే ప్రమాదం నాటికి ఎనిమిదేళ్లు దాటింది. ఆ హోముకు లైసెన్సు లేదు. లైసెన్సు ఏదని అడిగినవాడూ లేడు.

ఇప్పుడున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. చింత చచ్చినా పులుపు చావదన్నట్లు, ఏ చట్టం చేతికొచ్చినా సెక్షన్ల వారీగా చదివే అలవాటు నాకు పోలేదు. ఇది చదివినప్పుడు, ఇన్ని సంగతులు ఆలోచించి రాశారా అనిపించింది. 20వ సెక్షన్ ప్రకారం లోపలివారికి శుభ్రమైన చోటు, మంచి తిండి, చాటు, ఆడవారికి నెలసరి అవసరాలు చూడాలి. బలవంతాన గుండు కొట్టించరాదు. ఇష్టమైతే సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. పని చేయమని బలవంతపెట్టరాదు, చేస్తే తగిన కూలి ఇవ్వాలి. కొట్టడం, తిట్టడం, బెదిరించడం, లైంగికంగా వేధించడం, వీటన్నిటి నుంచి రక్షణ పొందడం వారి హక్కు. 26వ సెక్షన్ ప్రకారం వచ్చినవారిని చూడవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు. 95వ సెక్షన్ ప్రకారం ఏ రూపంలోనూ గొలుసులు వేయరాదు. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు వైద్యం చేయరాదు.

97వ సెక్షన్ మాత్రం నిదానంగా చెప్పుకోవాలి. మనిషిని ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడం పూర్తిగా నిషేధం. కట్టి ఉంచడమన్నది, అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే. ఎందుకు కట్టారు, ఎలా కట్టారు, ఎంతసేపు కట్టారు అన్నది వెంటనే కేసు కాగితాల్లో రాయాలి. రోగి తరఫు ప్రతినిధికి 24 గంటల్లోగా తెలియజేయాలి. అలాంటివన్నీ కలిపి నెలనెలా రివ్యూ బోర్డుకు రిపోర్టు పంపాలి. శిక్షగా కట్టరాదు. సిబ్బంది చాలరన్న ఒక్క కారణంతోనూ కట్టరాదు. ఈ చివరి మాట చట్టంలో చేర్చినవారెవరో గాని హోముల సంగతి బాగా తెలిసినవారు. రాత్రిపూట ముప్పై మందికి ఒక్కడే మనిషి ఉన్నచోట మొదట బయటికి వచ్చేది తాడే.

ఇన్ని కాగితాలు రాయమన్నారు కదా, ఇక భయమేమిటని మీరనవచ్చు. కాగితాల మధ్యనే ముప్పై అయిదేళ్లు బతికినవాణ్ణి కనుక ఒక సంగతి చెబుతాను. నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో తనిఖీలకు వెళ్లే అధికారి వెంట ఫైళ్లు పట్టుకొని చాలా చోట్లకు వెళ్లాను. టూర్ ప్రోగ్రాము నాలుగు రోజుల ముందే అందరికీ చేరుతుంది. మేం వెళ్లేసరికి గోడకు సున్నం తడి ఆరి ఉండదు. దుప్పట్ల మడతలు విప్పి ఉండవు. ఒకచోట నెల రోజుల హాజరు, ముప్పై సంతకాలూ, ఒకే కలంతో, ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయి. పేజీలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క టీ మరక లేదు. రోజూ వాడే రిజిస్టరు అంత శుభ్రంగా ఉండటం లోకంలో ఎక్కడా లేదు. సంతకాలు ఉన్నాయి కాబట్టి తనిఖీ ముగిసింది.

అయితే ఇది బీదదేశపు రోగమని, ఖర్చుకు వెనకాడకపోతే మంచి చోటే దొరుకుతుందని అనుకునేవారు మనలో ఉన్నారు. పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి ఆ నమ్మకం మరీ ఎక్కువ. వారికోసం ఇంగ్లండు సంగతి ఒకటి చెబుతాను. బ్రిస్టల్ నగరానికి దగ్గరలో వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారి కోసం 24 పడకలు. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు. ఆ డబ్బు అక్కడి ప్రభుత్వ ఖజానాదే. 2010లో అక్కడ పనిచేసే సీనియర్ నర్సు ఒకాయన, ఇక్కడ రోగులను హింసిస్తున్నారని పైవారికి రాశాడు, తనిఖీ సంస్థకు కూడా చెప్పాడు. ఎవరూ కదలలేదు. చివరికి ఆయన బి.బి.సి. వారి దగ్గరికి వెళితే, వారి విలేకరి ఒకడు అక్కడే అటెండరుగా చేరి రహస్య కెమేరాతో చిత్రీకరించాడు. 2011 మే 31న టీవీలో వచ్చింది. రోగులను నేలమీద పడేసి తొక్కిపట్టడం, చెంపలు వాయించడం, బట్టలతోనే షవరు కింద చన్నీళ్లు పోయడం దేశమంతా చూసింది. జూన్‌లో ఆసుపత్రి మూతపడింది. పదకొండు మంది సిబ్బంది నేరం ఒప్పుకున్నారు. 2012 అక్టోబరులో వారిలో ఆరుగురు జైలుకు వెళ్లారు.

నన్ను ఆశ్చర్యపరచింది ఇది కాదు. తర్వాత వేసిన విచారణ నివేదికలో తేలిన లెక్క. 2010 సంవత్సరంలో రోగులను బలవంతంగా పట్టి అదిమిన సందర్భాలు 379 అని ఆ ఆసుపత్రి కాగితాల్లోనే రాసి ఉంది. 24 పడకల చోట రోజుకు ఒకటికి పైగా! 2011లో మొదటి మూడు నెలల్లో మరో 129. పక్క ఊరి క్యాజువాలిటీకి ఆ రోగులు మూడేళ్లలో డెబ్బైసార్లకు పైగా వెళ్లారు. స్థానిక కౌన్సిలుకు నలభై హెచ్చరికలు అందాయి. అంటే అక్కడ రిజిస్టరు దొంగది కూడా కాదు. రాశారు. ఎవరి కాగితం వారి దగ్గరే ఉండిపోయింది. నాలుగు చోట్ల ఉన్న నాలుగు కాగితాలను ఒక బల్ల మీద పెట్టి కూడిన గుమాస్తా ఒక్కడూ లేకపోయాడు. చూడవచ్చిన కుటుంబాలను కింది హాలు దాటి పడకగదుల వైపు పోనివ్వలేదట.

కాబట్టి చట్టమూ, రిజిస్టరూ రెండూ ఉన్నా, బయటినుంచి వచ్చి లోపలికి నడిచి, చూసి, అడిగే మనిషి ఒకడు ఉంటేనే లోపలివాడికి రక్షణ. ఆ మనిషి ఎవరన్నదే ఇవాళ మన ముందున్న ప్రశ్న. మనం ఉన్నంతకాలం మనమే. మన తర్వాత?

ముందు మనం ఉన్నప్పటి మాట. చెప్పకుండా వెళ్లండి. పండుగనాడు, పుట్టినరోజునాడు అందరూ వెళ్తారు, వాళ్లూ తయారుగా ఉంటారు. మంగళవారం సాయంత్రం అన్నాల వేళకు వెళ్లండి. ఆఫీసు గదిలో కుర్చీ వేసి, పిల్లవాడిని తల దువ్వి అక్కడికే తీసుకొస్తామంటే, వద్దు నేనే వస్తానని వాడు పడుకునే చోటికి, స్నానాల గది దాకా వెళ్లండి. మణికట్లు, చీలమండలు చూడండి. కట్టిన గుర్తు అక్కడే ఉంటుంది. గోళ్లు చూడండి. మీరు ఇచ్చిన బట్టలు వాడి ఒంటిమీద ఉన్నాయా, మరొకరి ఒంటిమీద ఉన్నాయా చూడండి. మీరు మామూలుగా చెయ్యి ఎత్తితే వాడు తల దాచుకున్నాడా? అయితే అక్కడ ఎవరో చెయ్యి ఎత్తుతున్నారు. ప్రతిసారీ మగతగానే ఉంటే ఏ మందు, ఎంత, ఎవరు రాశారు అని కాగితం అడగండి. ప్రతినెలా బరువు తూచి రాయమనండి. బరువు అబద్ధమాడదు. మీరూ డైరీలో తేదీ వేసి రాసుకోండి.

అక్కడ పనిచేసేవారంతా దుర్మార్గులని నా ఉద్దేశం కాదు. మనం కన్నబిడ్డకు చేయలేక వదిలిన పనిని పరాయివాళ్లు చాలీచాలని జీతానికి, చాలాచోట్ల కాంట్రాక్టు పద్ధతిలో చేస్తున్నారు. వారిలో తల్లికన్నా ఎక్కువగా చూసేవారు ఉన్నారు. కాని పక్కవాడు కొడుతుంటే చూసిన మంచి ఆయా కూడా నోరు విప్పదు, ఉద్యోగం పోతుందని. అందుకే వెళ్లినప్పుడు యజమానితో మాట్లాడి వచ్చేయక, ఆ ఆయాను పేరు పెట్టి పలకరించండి. ఇంటిదగ్గర పిల్లలెట్లా ఉన్నారమ్మా అని అడగండి. చెప్పవలసివస్తే ఆమె మీకే చెబుతుంది.

ఎవరూ రానివారి గతి ఏమవుతుందో చండీగఢ్ కేసు చెబుతుంది. ప్రభుత్వ సంస్థలో ఉన్న అనాథ యువతి, స్వల్ప మేధో వైకల్యం ఉన్న పిల్ల. సంస్థలో ఉండగానే అత్యాచారానికి గురైంది. 2009 మేలో వైద్యపరీక్ష చేసినప్పుడు గాని గర్భం సంగతి బయటపడలేదు. బిడ్డను ఉంచుకుంటానన్న ఆమె మాటను కాదని గర్భస్రావం చేయించరాదని ఆ ఏడాది సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె మాటకు విలువ ఇచ్చిన మంచి తీర్పు. కాని అది జరగరానిది జరిగిపోయాక వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రి సిబ్బంది అక్కడి స్త్రీపై ఈ నేరం చేసినా, మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న స్త్రీపై ఎవరు చేసినా, పదేళ్లకు తగ్గని కఠిన శిక్ష ఉంది.

అనుమానం వస్తే ఎక్కడికి వెళ్లాలి? ఇక్కడ చాలామంది తికమకపడతారు. మానసిక జబ్బు వేరు, మేధో వైకల్యం వేరు. 2017 చట్టంలో మేధో వైకల్యం రాదు. మానసిక జబ్బు ఉన్నవారిని ఉంచుకునే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టరు కావాలి. వికలాంగులను ఉంచుకునే హోము 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్టరు కావాలి. చేర్చేనాడే ఆ సర్టిఫికెట్టు చూపమనండి. నంబరు, తేదీ, ఎప్పటివరకు చెల్లుతుందో రాసుకోండి. మొగమాటపడకండి. బ్యాంకువాళ్లు మనల్ని లైఫ్ సర్టిఫికెట్టు అడగడానికి మొగమాటపడటం లేదు కదా.

మానసిక రోగి విషయంలో మొదట అక్కడి వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. తృప్తి కలగకపోతే రివ్యూ బోర్డు ఉంది. జిల్లా జడ్జి స్థాయివారు అధ్యక్షులుగా ఆరుగురు ఉండే బోర్డు అది. అందులో కలెక్టరు ప్రతినిధి ఉంటారు, జబ్బు అనుభవించినవారో వారి సంరక్షకులో కూడా ఉండవచ్చు. దెబ్బలు, నిర్లక్ష్యం కనబడితే 101వ సెక్షన్ ప్రకారం పోలీసు స్టేషనులో చెప్పడం చూసిన ప్రతివాడి విధి. స్టేషను అధికారి దాన్ని మేజిస్ట్రేటుకు నివేదించాలి. వికలాంగుల చట్టం కింద అయితే 7వ సెక్షన్ ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఆయనెవరో అని కంగారుపడకండి, మన మండల తాసిల్దారే. మనిషిని అక్కడి నుంచి విడిపించే అధికారం కూడా ఆయనకు ఉంది. ఇక్కడ రెవెన్యూలో పనిచేసి రిటైరైనవారు ఎంతమంది ఉన్నారు! ఆ అర్జీ ఎట్లా రాయాలో మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తన సంరక్షణలో ఉన్న వికలాంగుడికి కావాలని తిండి, నీళ్లు ఇవ్వకపోయినా, కొట్టినా 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. వకీలు ఖర్చు భరించలేనివారు న్యాయసేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోను చేయవచ్చు.

ఇక డబ్బు మాట. ఇది మన సొంత విషయం. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకుకో, కూతురుకో మన తదనంతరం జీవితాంతం ఫ్యామిలీ పెన్షను వచ్చే వీలు ఉంది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు మనం ఉండగానే తెచ్చి కాగితాల్లో చేర్చుకోవాలి. ఆ డబ్బును పిల్లవాడి తరఫున ఒక సంరక్షకుడు తీసుకుంటాడు. ఆ సంరక్షకుడు, వాడు ఉంటున్న హోము యజమాని ఒకరే కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ.టి.ఎం. కార్డు హోము బీరువాలో పెట్టకండి. బిల్లు రాసేవాడు, బిల్లు పాసు చేసేవాడు ఒకడే అయితే ఏమవుతుందో ఈ సభలో వేరే చెప్పనక్కర్లేదు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ సంరక్షకుడు ఆస్తి జాబితా, ఏటేటా లెక్కలు దాఖలు చేయాలి. హింసించినా, పట్టించుకోకపోయినా, డబ్బు తిన్నా 17వ సెక్షన్ కింద తొలగించవచ్చు.

మానసిక జబ్బు ఉన్నవారికి 14వ సెక్షన్ ఉంది. మైనరు కాని ప్రతి వ్యక్తీ తనకొక నామినేటెడ్ ప్రతినిధిని ఎంచుకోవచ్చు. మన పెన్షను కాగితాల్లో రాసే నామినీకి, దీనికి సంబంధం లేదు. ఆ నామినీ మనం పోయాక డబ్బు తీసుకునేవాడు. ఈయన మనవాడు బతికుండగా వాడి తరఫున అడిగేవాడు. జబ్బేమిటి, మందేమిటని అడగవచ్చు, డిశ్చార్జి ఏర్పాట్లలో ఉండవచ్చు, హక్కులకు భంగం కలిగితే బోర్డుకు అర్జీ పెట్టవచ్చు. కట్టివేసిన సంగతి 24 గంటల్లోగా తెలియజేయవలసిందీ ఈయనకే. స్టాంపు కాగితం అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, జబ్బున్న వ్యక్తి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. రాయవలసింది మనం కాదు, ఆ వ్యక్తే. మనసు నిలకడగా ఉన్న రోజు చూసి కూర్చోబెట్టి అడగండి, నీకు ఎవరు వస్తే ఇష్టమని. ఎంచుకున్న మనిషి తన సమ్మతిని వైద్యుడికి రాసి ఇవ్వాలి. అమెరికాలో ఉన్న అన్నకంటే, బస్సెక్కి గంటలో చేరగల మేనల్లుడు ఈ పనికి మేలు.

అలాంటి మేనల్లుడు కూడా లేనివారు మన సంఘంలో ఉన్నారు. వారి కోసం కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. నడవగలిగిన సభ్యులం ఇద్దరిద్దరం జతగా పేర్లు ఇద్దాం. ఆ కుటుంబం ఒప్పుకుంటే, తేదీ చెప్పకుండా, నెలకొకసారి వెళ్లి మనవాణ్ణి చూసి, చూసింది ఒక పుస్తకంలో రాసి సంతకాలు పెట్టి వద్దాం. వెళ్లే ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. దారిఖర్చు ఎవరిది వారే. పుస్తకం కార్యదర్శిగారి దగ్గర ఉండాలి, మూడు నెలలకొకసారి కార్యవర్గం దాన్ని చదవాలి. చదివినట్లు సంతకం చేసేవారు నిజంగా చదివి చేయాలని మాత్రం ముందే మనవి.

14వ సెక్షన్ కింద రాసే కాగితం నమూనా, తాసిల్దారుకు పెట్టే అర్జీ నమూనా రెండూ తెలుగులో రాసి తెచ్చాను. టీ తర్వాత కోశాధికారిగారి బల్ల పక్కన కూర్చుంటాను. కావలసినవారు వచ్చి తీసుకోండి. జతల పేర్ల కోసం ఒక నోటుబుక్కు కూడా అక్కడే ఉంచుతాను. మొదటి గీత మీద నా పేరు రాశాను, రెండోది ఖాళీగా ఉంది.